చొక్కాల కంపెనీ తలుపు

చొక్కాల కంపెనీ ముందు నుంచి రాత్రి తొమ్మిది దాటాక ఎవరూ నడవరు.

తప్పనిసరైతే రోడ్డుకి అవతలి వైపు నుంచి పోతారు. బండ్లవాళ్ళు అక్కడికి రాగానే ఊరికే హారన్ కొడతారు. ఎదురుగా మనిషీ ఉండడు, మేకా ఉండదు... అయినా కొడతారు. ఎందుకయ్యా అంటే, "ఆ చప్పుడు చెవిన పడకుండా" అంటారు.

ఏ చప్పుడు అంటే... తలుపు కొడుతున్న చప్పుడు.

ఇరవై రెండేళ్ళ కింద అక్కడ చొక్కాలు కుట్టేవాళ్ళు. రాత్రి షిఫ్టు నడుస్తుండగా ఒకసారి నిప్పంటుకుంది. అంత పెద్ద హాలుకి తలుపు ఒక్కటే. దానికి బయటి నుంచి తాళం. లోపలున్నవాళ్ళు కొట్టారు... కొట్టారు... ఎంతసేపు కొట్టారన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు. పావుగంట అని కొందరు, తెల్లవార్లూ అని కొందరు. తలుపు మాత్రం ఎవరూ తీయలేదు. పదకొండు మంది. అందరూ ఆడవాళ్ళే.

అలాంటి చోటికి బల్లలక్క మకాం మార్చింది.

బల్లలక్క అన్నది వీధి పెట్టిన పేరు. తండ్రి వడ్రంగి. కొడుకులు లేని ఆయన ఉలీ రంపం కూతురి చేతికే ఇచ్చిపోయాడు. ఆమె కొత్త చెక్క కొనదు. ఎక్కడ ఇల్లు కూలగొడుతున్నారని తెలిస్తే అక్కడికి తోపుడుబండి తోసుకుంటూ పోతుంది. పుచ్చిపోని కిటికీ రెక్కలు, మెట్ల పలకలు, సామాన్ల పెట్టెలు, తుప్పు పట్టిన కుట్టుమిషన్ల కాళ్ళు... ఏవి కనబడితే అవి ఏరుకొస్తుంది. కిటికీ రెక్క మంచానికి తలవైపు పలక అవుతుంది. రెండు సామాన్ల పెట్టెలు ఒకదాని మీద ఒకటి నిలబడి బట్టల బీరువా అవుతాయి. ఒక్క గదిలో కాపురం చేసేవాళ్ళే ఆమె బేరాలన్నీ. కొత్తది కొనలేక, నేల మీద పడుకోలేక, మధ్యన నలిగే జనం.

ముందు ఒక సందులో చిన్న షెడ్డు ఉండేది. పొద్దస్తమానం రంపం గోల, సుత్తి గోల అని చుట్టుపక్కలవాళ్ళు ఏడాదిపాటు పోరి ఖాళీ చేయించారు. ఎక్కడికి పోయినా ఇదే పాట. చివరికి దొరికింది ఈ కంపెనీ వెనకున్న స్టోరు, గేటు పక్కన గది. అద్దె నామమాత్రం. తీసుకునేవాళ్ళు ఉంటేగా.

అందరూ వద్దన్నారు. లారీ మీద ఎక్కడో దూరాన ఉన్న భర్త కూడా ఫోనులో "ఇంకోచోటు చూడరాదూ" అన్నాడు.

"పోదాం" అన్నది ఒక్క మామగారే.

అదే ఆమెకి వింతగా తోచింది. ఎందుకంటే ఆయన ఒకప్పుడు ఆ కంపెనీలోనే వాచ్‌మన్. ఆ రాత్రి మాట ఆయన ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. ఇంట్లోవాళ్ళూ అడగలేదు. యజమాని ఊరు వదిలి పారిపోయాడు, పాపం అతనిదే అని లోకం తీర్మానించుకుంది. అక్కడితో ఆ మాట ముగిసింది.

గేటు గదిలో ఆమె పడుకునేది. ఆయన స్టోరులో, సగం చేసిన మంచాల మధ్య పడుకునేవాడు. పడుకునేవాడు అనడమే గానీ, ఆయనకి నిద్ర ఎక్కడిది? అర్ధరాత్రి లేచి ఆవరణంతా తిరిగేవాడు. ప్రతి తలుపు దగ్గరా ఆగి, చేత్తో తడిమి, ఒకసారి తోసి చూసి, ఇంకో తలుపు దగ్గరికి పోయేవాడు. పాత ఉద్యోగం వాసన పోలేదు అనుకునేది బల్లలక్క.

ఒకరోజు తెల్లవారుజామున పాల వ్యానువాడు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"రోడ్డు మధ్యలో నిలబడ్డాడు అక్కా. లైటు పడ్డా జరగలేదు. బ్రేకు గట్టిది కాబట్టి సరిపోయింది."

ఆ రోజంతా ఆమె పని సాగలేదు. ఉలి రెండుసార్లు జారింది. పగలంతా కష్టపడి పడుకుంటే తనకి ఒళ్ళు తెలియదు. రాత్రంతా ఈయన్ని ఎవరు కాస్తారు?

సాయంత్రం బజారుకి పోయి ఒక తాళంకప్ప తెచ్చింది.

ఆయన ఆ తాళం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"తాళం వద్దమ్మా... గొళ్ళెం పెట్టు. చాలు."

"గొళ్ళెం మీరు సందులోంచి వేలు పెట్టి తీసేస్తారు మామయ్యా. మీ మంచికే కదా."

ఆయన లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. ఆమె తలుపు మూసి తాళం వేసింది. తాళంచెవి మెడలో తాడుకి కట్టుకుంది.

ఆ వారంలోనే కాలిన హాలు కూలగొట్టడం మొదలైంది. స్థలం ఎవరో కొన్నారట. వెనక స్టోరు జోలికి ఇంకో ఏడాది దాకా రాము అన్నారు. కూలగొట్టే మేస్త్రీ ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, ఒక తలుపు ఉంది. తీసుకుపో. మావాళ్ళు దాని మీద చెయ్యి వెయ్యం అంటే వెయ్యం అంటున్నారు."

ఆమె వెళ్ళి చూసింది. అరచెయ్యంత మందం. పాతకాలపు టేకు. ఒకవైపు బొగ్గు. రెండోవైపు మాత్రం నిన్న మొన్న పాలిష్ పట్టినంత నున్నగా ఉంది. అలాంటి చెక్క ఈ రోజుల్లో కళ్ళతో చూడటమే గొప్ప.

ఆమెకి వెంటనే నర్సమ్మ గుర్తొచ్చింది. పెద్దాసుపత్రిలో పనిచేస్తుంది, ముగ్గురు పిల్లలు. వాళ్ళు పుస్తకాలు నేల మీద పరుచుకుని బోర్లా పడుకుని చదువుతారు. అందరూ చుట్టూ కూర్చునేంత బల్ల ఒకటి, బడులు తెరిచేలోపు చేసిపెట్టమని రెండు నెలల కిందే అడిగింది. ఇంత వెడల్పు పలక దొరక్క ఆ పని అలాగే ఆగిపోయింది.

తలుపుని తోపుడుబండి మీద వేసుకుని వస్తుంటే మామగారు గుమ్మంలో ఉన్నాడు. బండి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"అది ఎందుకు తెచ్చావమ్మా?"

"బల్ల చేద్దామని. చూడండి, ఎలాంటి చెక్కో."

ఆమె తలుపుని స్టోరులో రెండు దిమ్మల మీద పడుకోబెట్టి బొగ్గు గీకడం మొదలుపెట్టింది. బొగ్గు పోయిన కొద్దీ గుంటలు బయటపడ్డాయి. ఛాతీ ఎత్తున... ఒకదాని పక్కన ఒకటి... అన్నీ ఒకే ఆకారం, కొనదేలి. కాసేపు ఆలోచించింది. ఇస్త్రీపెట్టె ముక్కు. ఇస్త్రీపెట్టె పట్టుకుని కొడితే అలాంటి గుంటలే పడతాయి.

గీకే చెయ్యి ఆగిపోయింది.

తల తిప్పితే మామగారు పక్కనే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. వంగి, ఒక్కో గుంటలో వేలు పెడుతున్నాడు... లెక్క పెడుతున్నట్టు.

ఆ రాత్రి మొదటిసారి వినబడింది.

దబ్... దబ్... దబ్.

బల్లలక్క కళ్ళు తెరిచింది. గదిలో చీకటి. కిటికీ అవతల గాలి కూడా లేదు. కల అనుకుని పక్కకి తిరిగింది.

దబ్... దబ్.

తొందర లేదు. కోపం లేదు. లోపల ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నట్టు ఉంది. స్టోరు వైపు నుంచే వస్తోంది. మామగారు తలుపు కొడుతున్నాడేమో, నీళ్ళు కావాలేమో అనుకుంది. కానీ నీళ్ళ కుండ ఆయన మంచం పక్కనే ఉంది. మరి...? లేద్దామని కాళ్ళు కిందికి దించేలోపు చప్పుడు ఆగిపోయింది.

పొద్దున తాళం తీశాక అడిగింది. "రాత్రి తలుపు కొట్టారా మామయ్యా?"

"లేదే."

"చప్పుడు విన్నారా?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయాడు. పైది కిందికి, కిందిది పైకి పెట్టుకున్నాడు. ఆమే సరిచేసింది.

రెండో రాత్రి ఆమె పడుకోలేదు. టార్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూర్చోలేక లేచింది. లేచి ఆ నాలుగడుగుల గదిలోనే అటూ ఇటూ తిరిగింది. ఒంటిగంట దాటాక మళ్ళీ...

దబ్... దబ్... దబ్.

గది గడియ తీసుకుని బయటికొచ్చింది. ఆవరణ దాటుతుంటే కాళ్ళ కింద పెంకులు చిటపటమన్నాయి. ఆమె దగ్గరయ్యేకొద్దీ చప్పుడు నెమ్మదించింది. టార్చి వెలుగు స్టోరు తలుపు మీద పడేసరికి పూర్తిగా ఆగింది. తాళం వేసినట్టే ఉంది. చుట్టూ ఎవరూ లేరు.

"మామయ్యా..." అంది గొంతు తగ్గించి.

లోపలి నుంచి వెంటనే జవాబొచ్చింది. నిద్రలోంచి లేచిన గొంతు కాదది.

"పోయి పడుకో అమ్మా. నీకోసం కాదు."

నీకోసం కాదు అంటే? ఆమె గదికి తిరిగొచ్చి గడియ పెట్టుకుంది. వీపు గోడకి ఆనించి, తెల్లారే దాకా అలాగే ఉంది.

పొద్దున టీ కొట్టు దగ్గర మేస్త్రీకి చెప్పింది. అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"తలుపు తెచ్చావు కదా అక్కా. తలుపుతో పాటు వాళ్ళూ వచ్చారు. తీసుకుపోయి ఏ చెత్తకుప్పలోనో పారెయ్."

పారెయ్యాలనే అనిపించింది. కానీ సగం గీకిన ఆ పలక వైపు చూస్తే చెయ్యి రాలేదు. ముగ్గురు పిల్లలు మోచేతులు ఆనించుకుని చదువుకునే బల్ల. తొందరగా ముగించి ఇల్లు దాటిస్తే ఈ పీడ విరగడవుతుంది అనుకుంది. ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు. గుంటలు పోయేదాకా చిత్రిక పట్టబోతే మామగారు అడ్డొచ్చాడు.

"అవి ఉండనీ."

"నర్సమ్మకి ఏం చెప్పను?"

"ఆ వైపు కిందికి తిప్పు. కానీ ఉండనీ."

అలాగే చేసింది. నున్నటి వైపు పైకి తిప్పి, కుట్టుమిషన్ల ఇనుప కాళ్ళ మీద బిగించింది. సాయంత్రానికి అవిసె నూనె పట్టించింది. గుడ్డ ముంచడం, రుద్దడం, గుడ్డ మార్చడం... టేకు తేనె రంగు తేలింది. చీకటి పడేసరికి నడుం పట్టేసింది. నూనె గుడ్డలన్నీ ఉండచుట్టి మూలనున్న చెక్కపొట్టు పెట్టెలో పడేసింది. మామగారికి దుప్పటి ఇచ్చి, బయటి నుంచి తాళం వేసి, గదికొచ్చి పడింది.

పడటమే తెలుసు.

దబదబదబదబ...

ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఇది మొన్నటిది కాదు, నిన్నటిదీ కాదు. ఆగడం లేదు. ఒక్క చెయ్యి కాదు, చాలా చేతులు. గేటు గది కిటికీ రేకు కూడా అదురుతోంది. రోడ్డు మీద ఒక లారీ వేగంగా హారన్ కొట్టుకుంటూ పోయింది.

ఆమె దుప్పటి తల మీదికి లాక్కుంది. చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. నాకోసం కాదు, మామయ్యే చెప్పాడు, నాకోసం కాదు... కానీ వేళ్ళ సందుల్లోంచి కూడా వినబడుతోంది. తెల్లారితే బల్ల పోతుంది, రేపటి నుంచి ఉండదు, ఒక్క రాత్రి ఓర్చుకుంటే చాలు...

ఎంతసేపు అలా ఉందో ఆమెకే తెలియదు. తరవాత తలుచుకుని ఎప్పుడూ సిగ్గుపడేది ఆ కాసేపటికే.

ఉన్నట్టుండి ఒక ఆలోచన తగిలింది. దెయ్యమో, మనిషో... ఇంతగా తలుపు కొడుతుంటే, తాళంచెవి మెడలో వేసుకుని ముసుగు తన్ని పడుకున్నది ఎవరు? తనే కదా.

దుప్పటి విసిరేసి పరుగెత్తింది. చెప్పులు లేవు. టార్చి లేదు.

ఆవరణ సగం దాటాక వాసన తగిలింది. మాడుతున్న నూనె వాసన. స్టోరు పైనున్న చిన్న కిటికీలోంచి పొగ, తెల్లగా, చీకట్లోకి పోతోంది.

తలుపు దగ్గరికి వచ్చి పడింది. చప్పుడు ఈసారి ఆగలేదు. చెవి పక్కనే మోగుతోంది. ఆమె చేతి కింద పలక అదురుతోంది. తాళంచెవి తాడు చిక్కుపడింది. లాగితే మెడ కోసుకుంది. తాళంచెవి కప్పలో దూరడం లేదు. తలకిందులుగా పెడుతోంది, మళ్ళీ తీస్తోంది...

"వస్తున్నా మామయ్యా... వస్తున్నా... తీస్తున్నా..."

తాళం ఊడింది. చప్పుడు ఆగింది.

తలుపు లాగగానే పొగ ముఖాన కొట్టింది. మూలనున్న పెట్టె ఎర్రగా రగులుతోంది. మంట పక్కనున్న సగం చేసిన మంచం దాకా పాకింది. మామగారు తలుపు దగ్గర లేడు. గోడవారన తన మంచం మీదే, వెల్లకిలా ఉన్నాడు. ఆమె ఆయన చంకల కింద చేతులు వేసి ఈడ్చింది. బక్క మనిషి, అయినా రాయిలా బరువున్నాడు. బల్ల కాలికి తగిలి పడింది, లేచింది, మళ్ళీ ఈడ్చింది. బయట పెంకుల మీద ఆయన్ని పడుకోబెట్టి, గేటు దగ్గరి నీళ్ళ డ్రమ్ము నుంచి బకెట్లు మోసింది. ఎన్ని మోసిందో గుర్తులేదు. కేకలు విని ఎవరూ రాలేదు. ఆ చోటి నుంచి కేకలు వినబడితే తలుపులు వేసుకోవడం ఆ వీధికి ఇరవై రెండేళ్ళ అలవాటు. చివరికి వచ్చింది పాల వ్యానువాడే. అతని వ్యానులోనే ఆసుపత్రికి తీసుకుపోయారు.

నూనె గుడ్డలు ఉండచుడితే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయని తండ్రి ఆమెకి చిన్నప్పుడే చెప్పాడు. నీళ్ళ బకెట్లో ముంచాలి, లేకపోతే ఆరుబయట పరచాలి. ఇరవై ఏళ్ళుగా ఒక్కసారీ మరవలేదు. ఆ ఒక్క సాయంత్రమే...

రెండు రోజులు ఆయన కళ్ళు తెరవలేదు. బల్లలక్క వార్డు బయట బెంచీ మీద కూర్చోలేక, లేవలేక, తలుపుకీ కిటికీకీ మధ్య తిరిగింది. భర్త లారీ వదిలేసి బయలుదేరాడని ఫోనొచ్చింది. ఎవరు పలకరించినా ఒకటే మాట చెప్పింది. "ఆయన తలుపు కొట్టబట్టి బతికాడు. అంత పొగలో కూడా గట్టిగా కొట్టాడు. నేనే ఆలస్యంగా లేచాను."

మూడో రోజు డ్యూటీలో నర్సమ్మే ఉంది. ఆయన ముక్కుకి పెట్టిన గొట్టం సరిచేస్తూ ఆ మాట వింది. ఏదో ఆలోచించింది.

"బల్లలక్కా, ఆయన కొట్టి ఉండడు."

"నా చెవులతో విన్నాను నర్సమ్మా."

"నువ్వు తీసుకొచ్చేటప్పటికే పొగకి స్పృహ తప్పి చాలాసేపైంది. మంచం దిగిన మనిషి కూడా కాదు. అరికాళ్ళకి మసి లేదు, నేనే కదా ఒళ్ళు తుడిచింది." అని, గొంతు తగ్గించింది. "బల్ల కాలిందా?"

"ఒక అంచు మాడింది. నువ్వు వద్దంటే..."

"వద్దని ఎవరన్నారు? అంచు కోసేసి ఇవ్వు."

నర్సమ్మ వేరే మంచం దగ్గరికి పోయింది. అప్పుడు మామగారు కళ్ళు తెరిచాడు. ఎప్పట్నుంచి వింటున్నాడో.

"ఆ పిల్ల చెప్పింది నిజమే అమ్మా. నేను కొట్టలేదు."

బల్లలక్క స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఆయన మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగాడు.

"ఆ రోజు తాళం వేసింది నేనే. షిఫ్టు అయ్యేదాకా తియ్యొద్దని యజమాని మాట. వాళ్ళు రోజూ కొట్టేవాళ్ళు... నీళ్ళకనీ, గాలికనీ. ఆ రోజూ అందుకే అనుకున్నా. గేటు గదిలో కూర్చుని... విన్నా. లేవలేదు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఎండుకట్టెలా ఉంది ఆ చెయ్యి.

"నువ్వు తాళం వేసిన రోజే వాళ్ళొస్తారని నాకు తెలుసు. తలుపు తెచ్చినందుకు కాదు. ఆ చోట మళ్ళీ మనిషిని పెట్టి తాళం వేసినందుకు... నాకోసమే వచ్చారనుకున్నా. తీసుకుపోండి అని పడుకున్నా. పొగ వస్తున్నా లేవలేదు."

"మామయ్యా..."

"కానీ నన్ను తీసుకుపోయేవాళ్ళయితే... నిన్నెందుకమ్మా లేపారు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుని ఆమె చెయ్యి వదలబోయింది. ఆయన వదల్లేదు.

"ఆ రోజు లోపలి నుంచి కొట్టారు. మొన్న అలా కాదు. నేను లోపలున్నాను కదా, నాకు బాగా తెలిసింది... బయటి నుంచి కొట్టారు."

బల్లలక్క చెయ్యి మెడ మీది తాడు గాటు దగ్గరికి పోయింది.

బయట ఉన్నది తను. తాళంతో పెనుగులాడినంతసేపూ ఆ తలుపు ముందు నిలబడింది తను ఒక్కతే. చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు గుర్తొస్తోంది... పలక అవతలి నుంచి కాదు. తన కుడి భుజం పక్క నుంచి. ఎడమ భుజం పక్క నుంచి. తల వెనక నుంచి. తాళం ఊడిన ఆ క్షణాన తను తలుపు లాగితే, తెరుచుకోవడానికి చోటిస్తూ... చుట్టూ కిక్కిరిసి నిలబడ్డవాళ్ళెవరో ఒక్కసారిగా వెనక్కి జరిగారు.